గంట పెట్రోలు మిగిలుండగానే దిగండి: అమెరికాలో చిన్న విమానాలు నడిపే తెలుగు మిత్రులకు బహిరంగ లేఖ

అమెరికాలో చిన్న విమానాలు నడుపుతున్న తెలుగు మిత్రులకు, ముఖ్యంగా నలుగురైదుగురు కలిసి ఒక విమానం కొనుక్కున్నవాళ్లకు,

నమస్కారం.

నేను టెక్సాస్‌లో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. వారమంతా ఆఫీసు పని చేసి, శని ఆదివారాల్లో సెస్నా 172లోనో పైపర్ ఆర్చర్‌లోనో ఎగిరే మనవాళ్లు నా కళ్ల ముందే ఎంతో పెరిగారు. లైసెన్సు చేతికొచ్చాక ముగ్గురో నలుగురో డబ్బులు వేసుకుని పాత విమానం ఒకటి కొనుక్కోవడం కూడా మామూలైంది. అది నాకు సంతోషమే. కొనేముందు రాసుకున్న ఒప్పందాన్ని ఒకసారి చూసిపెట్టమని కొందరు నాకు పంపిస్తుంటారు. ఇన్సూరెన్స్ ఎవరు ఎంత కట్టాలి, హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు) అద్దె ఎలా పంచుకోవాలి, విండ్‌షీల్డ్ ఎవరు తుడవాలి, దీపావళి వారాంతంలో విమానం ఎవరిది, అన్నీ వివరంగా రాసి ఉంటాయి. పెట్రోలు దగ్గరికొచ్చేసరికి ఒకే ఒక్క వాక్యం: "వాడినవాళ్లు నింపి పెట్టాలి."

ఆ వాక్యం చాలదు. అది డబ్బుల లెక్క సరిచూస్తుందే తప్ప ప్రాణాల సంగతి చూడదు. మీ ఒప్పందాల్లో పెట్రోలు గురించి ఇంకొన్ని మాటలు చేర్చుకోమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ. 2017 ఆగస్టులో అది పెట్రోలు గురించే ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పత్రం విడుదల చేసింది. చిన్న విమానాల ప్రమాదాలకు దారితీసే కారణాల్లో ఇంధన నిర్వహణ ఆరో స్థానంలో ఉందని అందులో చెప్పింది. 2011 నుంచి 2015 వరకు ఏడాదికి సగటున 50కి పైగా ప్రమాదాలు ఈ ఒక్క కారణంతోనే జరిగాయి. వాటిలో 56 శాతం విమానంలో పెట్రోలు మొత్తం అయిపోవడం వల్ల. మరో 35 శాతం, పెట్రోలు ఒక ట్యాంకులో ఉండి కూడా ఇంజిన్‌కు అందకపోవడం వల్ల. పరికరం పాడవడం 5 శాతం లోపే. 95 శాతంలో మనిషి చేసినదో, చేయకుండా వదిలేసినదో కారణం.

ఆ పత్రంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన అంకె ఇంకొకటుంది. ఆ ప్రమాదాల్లో ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థులు సుమారు 2 శాతమే. దాదాపు సగం మంది కమర్షియల్ లేదా ఎయిర్‌లైన్ స్థాయి లైసెన్సు ఉన్నవాళ్లు. మిగతా సగం మీలాంటి ప్రైవేటు పైలట్లు, స్పోర్ట్ పైలట్లు. విద్యార్థి పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, లేదా టేకాఫ్‌కు ముందు అతని లెక్కను ఎవరో ఒకరు చూస్తారు. లైసెన్సు వచ్చాక మన లెక్క చూసేవాళ్లు ఉండరు. మీ ఒప్పందంలో ఆ లోటు పూడ్చవచ్చని నా నమ్మకం.

ఒక లెక్క చేసి చూద్దాం. మీది ఆర్చర్ అనుకోండి. రెండు రెక్కల్లో కలిపి 50 గ్యాలన్లు పడతాయి, అందులో వాడుకోగలిగేది 48. నలుగురు ఎక్కుతున్నారు, బరువు సరిపోవడానికి ట్యాంకు లోపల గుర్తుగా ఉండే ట్యాబ్ వరకే నింపారు. అంటే ఒక్కో వైపు 17, మొత్తం 34 గ్యాలన్లు. అడుగున మిగిలిపోయే 2 గ్యాలన్లు తీసేస్తే 32. గంటకు 10 గ్యాలన్ల చొప్పున తాగుతుందనుకుంటే 3 గంటల 12 నిమిషాలు ఎగరొచ్చు. వెళ్లాల్సిన దూరం 300 నాటికల్ మైళ్లు. గాలి లేకపోతే 115 నాట్ల (గంటకు 115 నాటికల్ మైళ్ల) వేగంతో 2 గంటల 37 నిమిషాల్లో చేరతారు. ఇంకో 35 నిమిషాల పెట్రోలు మిగులుతుంది. పగటిపూట వీఎఫ్ఆర్‌కు (బయటికి కళ్లతో చూస్తూ ఎగరడానికి) రూలు అడిగేది 30 నిమిషాలే కాబట్టి చట్టం ప్రకారం ఇది సరైన ప్లానే.

ఇప్పుడు 25 నాట్ల ఎదురుగాలి పెట్టండి. మన టెక్సాస్‌లో వసంతకాలంలో ఇది వింతేమీ కాదు. నేల మీద వేగం 90 నాట్లకు పడిపోతుంది. ప్రయాణం 3 గంటల 20 నిమిషాలవుతుంది. ఉన్నది 3 గంటల 12 నిమిషాలకే. అంటే రన్‌వేకి 12 మైళ్ల ఇవతల ఇంజిన్ ఆగిపోతుంది. నేలమీద రన్‌వే దాకా నడపడానికి, పైకెక్కడానికి అయ్యే అదనపు పెట్రోలు నేనిందులో కలపనే లేదు. మిక్స్‌చర్ సరిగ్గా లీన్ చేయకపోతే (గాలితో కలిసి ఇంజిన్‌కు వెళ్లే పెట్రోలు పాళ్లు తగ్గించకపోతే) గంటకు 10 కాస్తా 12 అవుతుంది, అప్పుడు చేతిలో ఉన్నది 2 గంటల 40 నిమిషాలు మాత్రమే. విమానం పుస్తకంలో రాసిన అంకె లీన్ చేసి నడిపినప్పటిది. చాలామంది తక్కువ ఎత్తులో ఎర్ర మిక్స్‌చర్ నాబ్ ముట్టుకోకుండా నడుపుతూ, లెక్క మాత్రం పుస్తకంలోది వేస్తారు.

ఈ లెక్క మీలో రానివాళ్లు ఎవరూ లేరు. ఇంతకంటే పెద్ద లెక్కలు రోజూ ఆఫీసులో చేస్తున్నారు. ఎదురుగాలి ఎక్కువగా ఉందని జీపీఎస్ తెర మీద నేల వేగం చూసిన మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది. దారిలో పంపు ఉన్న ఎయిర్‌పోర్టులు కనీసం నాలుగైదు తగులుతాయి. అయినా దిగరు. "ఇంకో పావుగంటేగా అన్నా, వెళ్లిపోదాం" అని పక్క సీట్లోంచి ఒక మాట వస్తుంది. అవతల ఎవరో భోజనానికి ఎదురుచూస్తుంటారు. దిగితే ముప్పావుగంట పోతుంది, చీకటి పడుతుంది. దిగిన చోట పెట్రోలు ఖరీదు ఎక్కువ. ఒక్కోటీ చిన్న కారణమే, కానీ అన్నీ ఒకే వైపు లాగుతాయి.

ఖరీదు విషయం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది పూర్తిగా మీ చేతిలో ఉన్నది. పెట్రోలుతో కలిపి గంటకింత అని అద్దె తీసుకునే క్లబ్బుల్లో, బయట పెట్రోలు కొట్టిస్తే సొంత ఎయిర్‌పోర్టు ధర వరకే తిరిగి ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. నాకు తెలిసిన ఒక భాగస్వామ్య బృందం అదే రూలును తమ ఒప్పందంలోకి యథాతథంగా తెచ్చుకుంది. దీని అర్థమేంటో చూడండి. దారిలో గ్యాలన్‌కు 2 డాలర్లు ఎక్కువ ఉన్న చోట దిగి 20 గ్యాలన్లు పోయిస్తే ఆ పైలట్ జేబులోంచి 40 డాలర్లు పోతాయి. జాగ్రత్తపడ్డవాడికి జరిమానా వేసి, పెట్రోలు అడుగంటుతున్నా లాక్కొచ్చినవాడికి ఆ 40 డాలర్లు మిగిల్చినట్టే కదా! 40 డాలర్ల కోసం ఎవరైనా ప్రాణం పణంగా పెడతారా అని మీరనొచ్చు. ఆ క్షణంలో ఎవరూ అలా ఆలోచించరు. ఆయిల్ మార్పించడానికి వేసుకున్న ఉమ్మడి నిధి ఉందిగా, ధరలో తేడా దానిమీద వేయండి. ఎందుకు దిగావని ఎవరూ అడగకూడదని కూడా రాసుకోండి.

ఇక పెట్రోలు గేజ్ సంగతి. మన పాత విమానాల్లో ట్యాంకు లోపల ఒక తేలే బెండు, దానికో కడ్డీ, ఆ కడ్డీ కదిలితే మారే విద్యుత్ నిరోధం, అక్కడి నుంచి ప్యానెల్ దాకా ఒక వైరు. కొన్ని విమానాల్లో అవి 1970ల నాటివి. మలుపు తిరిగితే ముల్లు ఊగుతుంది, కుదుపుల్లో సగానికీ పావుకీ మధ్య ఆడుతుంది. గేజ్ సున్నా దగ్గర సరిగ్గా చూపిస్తే చాలు, మిగతాచోట్ల ఎలా ఉన్నా రూలు ఒప్పుకుంటుంది అని హ్యాంగర్లలో ఒక మాట చెలామణిలో ఉంది. అది తప్పు. తిన్నగా ఎగురుతున్నప్పుడు, వాడుకోలేని పెట్రోలు మాత్రమే మిగిలిన దగ్గర ముల్లు సున్నా చూపించాలన్నది రూలు. మిగతాచోట్ల అబద్ధం చెప్పొచ్చని అందులో లేదు. అందుకే గేజ్ తక్కువ చూపిస్తుంటే, అది పాడై ఉంటుందని అనుకోకండి. పెట్రోలు తక్కువుందనే నమ్మి దిగండి. ఎక్కువ చూపిస్తుంటే మాత్రం దాన్ని నమ్మకండి.

మరి దేన్ని నమ్మాలి? డిప్‌స్టిక్‌ను. గ్యాలన్ల గీతలున్న ప్లాస్టిక్ గొట్టం అది. మూత తీసి, నిటారుగా ట్యాంకు అడుగు తగిలేదాకా దించి, పైకొసను బొటనవేలితో మూసి పైకి తీస్తే లోపల నీలంగా హండ్రెడ్ ఎల్ఎల్ (మన విమానాల పెట్రోలు) నిలబడి ఉంటుంది. ఆ మట్టం ఏ గీత దగ్గరుందో చదవాలి. రెండు వైపులా కలిపి రెండు నిమిషాల పని. సెస్నా అయితే నిచ్చెన వేసుకోవాలి కాబట్టి చాలామంది కింద నుంచే రెక్కవైపు చూసి సరిపెట్టుకుంటారు. ఇంకొక్క విషయం: షాపులో కొన్న గీతలు మీ విమానానికి సరిపోకపోవచ్చు. వార్షిక తనిఖీలో ట్యాంకు ఎలాగూ ఖాళీ చేయించే సందర్భం వస్తే, అయిదేసి గ్యాలన్లు పోస్తూ మీ డిప్‌స్టిక్‌కు మీరే గుర్తులు పెట్టుకోండి. రెక్క వాలు వల్ల ఒక మట్టం కంటే తగ్గితే మూత దగ్గర డిప్‌స్టిక్ తడవనే తడవదు. అది ఎన్ని గ్యాలన్ల దగ్గర జరుగుతుందో గ్రూపులో అందరికీ తెలిసుండాలి.

"మొన్న ఫలానావాళ్లు నింపారుగా" అనుకోవడం పంచుకునే విమానాల్లో వచ్చే జబ్బు. వాళ్లు ట్యాబ్ వరకే నింపి ఉండొచ్చు. పెట్రోలు ట్రక్కువాడికి ఫోన్లో చెప్పి ఇంటికి వెళ్లిపోయి ఉండొచ్చు, ఆ ట్రక్కు రాకపోయి ఉండొచ్చు. తర్వాత ఇంకొకరు గంటసేపు ల్యాండింగులు ప్రాక్టీసు చేసుకుని ఉండొచ్చు. మిగిలిన పెట్రోలు లెక్కగట్టే ఫ్యుయల్ టోటలైజర్ ఉందిగా అని ధైర్యం వద్దు. మొదట ఎన్ని గ్యాలన్లని మనం నొక్కామో, అందులోంచే అది తీసివేస్తూ పోతుంది. సగం ఉన్న ట్యాంకును నిండుగా ఉందని నొక్కితే, దశాంశ స్థానంతో సహా నిశ్చింతగా తప్పు చూపిస్తుంది.

ఇప్పుడు ఆ 35 శాతం సంగతి. పెట్రోలుండి కూడా ఇంజిన్ ఆగడం.

పెద్దవాళ్లకు గుర్తుంటుంది, మన ఊళ్లలో పాత బజాజ్ స్కూటర్లకు సీటు కింద ఒక తిప్పుడు ఉండేది. దారిలో బండి దగ్గితే వంగి దాన్ని రిజర్వుకు తిప్పి, నేరుగా బంకుకు వెళ్లేవాళ్లం. ఆర్చర్‌లో పైలట్ ఎడమ కాలి పక్కన, గోడమీద ఉండే సెలెక్టర్ (ఏ ట్యాంకు పెట్రోలు వాడాలో ఎంచుకునే పిడి) చూడ్డానికి అలాంటిదే, కానీ అందులో రిజర్వ్ లేదు. ఎడమ, కుడి, ఆఫ్, అంతే. సెస్నా 172లో "బోత్" (రెండు ట్యాంకులూ ఒకేసారి) ఉంటుంది, రెక్కలు పైన ఉంటాయి కాబట్టి పెట్రోలు తనంతట తానే దిగుతుంది. పైపర్‌లో ఆ వెసులుబాటు లేదు. పైలటే అరగంటకోసారి గుర్తుపెట్టుకుని మార్చాలి. సెస్నాలో నేర్చుకుని, తర్వాత పైపర్ కొనుక్కునేవాళ్లు మనలో చాలామంది. వాళ్ల చేతికి ఆ అలవాటు ఉండదు. ఒక రెక్క ఎండిపోయి, రెండో రెక్కలో గంటన్నర పెట్రోలు పెట్టుకుని పొలంలో దిగిన విమానాల దర్యాప్తు నివేదికలు వెతికితే ఎన్నో కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువమందికి తెలిసింది గాయకుడు జాన్ డెన్వర్ ప్రమాదం. 1997 అక్టోబర్ 12న, కాలిఫోర్నియాలో మాంటెరే బే దగ్గర. ఆయన రెండున్నర వేల గంటలకు పైగా ఎగిరిన పైలట్. ఆ రోజు నడిపింది కొత్తగా కొనుక్కున్న లాంగ్-ఈజెడ్, ఇళ్లలో తయారుచేసుకునే రకం విమానం. అసలు డిజైన్లో సెలెక్టర్ పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. దీన్ని కట్టిన వ్యక్తి మాత్రం పైలట్ ఎడమ భుజం వెనక బిగించాడు. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో అక్కడ గుర్తు లేదు. పెట్రోలు మట్టం చూపించే గేజ్‌లు వెనక సీటు దగ్గరున్నాయి, వాటిమీదా గుర్తుల్లేవు. ముందు కూర్చున్నవాడు వాటిని చూడాలంటే అద్దం కావాలి. బయలుదేరేముందు అక్కడి టెక్నీషియన్ ఆయనకు ఒక అద్దం ఇచ్చాడు. కుడి ట్యాంకులో సగం కంటే తక్కువ, ఎడమదాంట్లో పావు కంటే తక్కువ ఉన్నట్టు అతని అంచనా. సెలెక్టర్ అందడం లేదన్న సంగతి కూడా ఇద్దరూ మాట్లాడుకున్నారు. ట్యాంకు మార్చాల్సి వస్తే ఆటోపైలట్ వేసుకుంటానన్నాడు డెన్వర్. గంటసేపే కదా, పెట్రోలు అక్కర్లేదన్నాడు.

కొన్ని ల్యాండింగులు ప్రాక్టీసు చేసి తీరం వైపు వెళ్లాడు. నేల మీదివాళ్లు ఇంజిన్ టపటపమనడం, చప్పుడు తగ్గడం విన్నారు. తర్వాత విమానం ముక్కు కిందికి దించి నీళ్లలో పడింది. ఆ విమానంలో కంట్రోల్ స్టిక్ కుడివైపు ఉంటుంది. ఎడమ భుజం వెనక పిడిని తిప్పాలంటే స్టిక్ వదిలి, కుడిచేత్తో, ఒళ్లంతా వెనక్కి తిరగాలి. అలా తిరిగేటప్పుడు ఊతం కోసం కుడికాలు తనకు తెలియకుండానే, విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను నొక్కుతుందని దర్యాప్తు చేసినవాళ్లు గుర్తించారు. సెలెక్టర్ తిప్పే ప్రయత్నంలో ధ్యాస మళ్లి, పొరపాటున కుడి రడ్డర్ నొక్కడం కారణమని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. బయలుదేరేముందు పెట్రోలు నింపుకోకపోవడాన్ని కూడా కారణంగానే లెక్కించింది. సెలెక్టర్ ఉన్న చోటు, దానికి గుర్తులు లేకపోవడం, ఆ విమానంలో తగినంత శిక్షణ లేకపోవడం దోహదం చేశాయని చెప్పింది.

ఇందులో ఆయనకు ముందే తెలియని విషయం ఏదీ లేదు. మాట్లాడుకుని మరీ బయలుదేరాడు. మీ హ్యాంగర్లో కూడా అలా మాట్లాడుకుని వదిలేసిన సంగతి ఏదో ఒకటి ఉంటుంది: కాస్త బిగుసుగా తిరిగే సెలెక్టర్, ఒక్కోసారి నిద్రపోయే కుడి గేజ్, సరిగ్గా బిగియని ట్యాంకు మూత. దయచేసి వాటిని బాగుచేయించే దాకా ఎగరకండి.

సెలెక్టర్ గురించి నేను నేర్పేది ఇది. కొత్త భాగస్వామి చేరగానే ఇంజిన్ ఆపి ఉన్న విమానంలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఎడమ, కుడి, ఆఫ్ ఎక్కడున్నాయో చేత్తో పట్టి చెప్పమనండి. గాల్లో మార్చేటప్పుడు ముందు ఎలక్ట్రిక్ పంప్ ఆన్, తర్వాత ట్యాంకు, ఆ తర్వాత ప్రెజర్ నిలబడిందో లేదో చూడటం. మార్చేది చేతికందే దూరంలో ఎయిర్‌పోర్టు ఉన్నప్పుడు, తగినంత ఎత్తులో. టేకాఫ్‌కు ముందు నిమిషంలో ట్యాంకు మార్చకండి. ఏ ట్యాంకు మీద ఇంజిన్ స్టార్ట్ చేసి రనప్ (ఎగిరేముందు ఇంజిన్ పరీక్ష) చేశారో దానిమీదే ఎగరండి.

అయినా ఇంజిన్ ఆగిందనుకోండి. మొదట ముక్కు దించి గ్లైడ్ వేగం పట్టుకోవాలి, సెస్నా 172ఎస్‌కు నిండు బరువులో 68 నాట్లు. మూడు వేల అడుగుల ఎత్తు నుంచి గాలి లేకపోతే సుమారు ఎనిమిది కిలోమీటర్లు జారొచ్చు. దిగే చోటు చూసుకుని దానివైపు తిరిగాక, చేతులు సెలెక్టర్ మీదికి వెళ్లాలి: రెండో ట్యాంకు, పంపు, మిక్స్‌చర్, కార్బ్ హీట్ (కార్బొరేటర్‌కు వేడిగాలి), మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి). ఈ వరస నోటికొచ్చినవాళ్లలో చాలామందికి చేతికి రాదు. మూడు నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని, పవర్ తగ్గించి, నిజంగా చేతులు కదిపి చేయండి.

పెట్రోలుతోపాటు చెప్పుకోవలసినవి ఇంకో రెండు మూడున్నాయి, క్లుప్తంగా చెబుతాను. మూత రబ్బరు చిట్లితే వానకు నీళ్లు దిగుతాయి, అడుగు నుంచి పెట్రోలు వదిలి గాజు కప్పులో చూడటం మానకండి. 172ఎస్‌లో అలా చూడాల్సిన చోట్లు 13 ఉన్నాయి, పదమూడూ చూడాలి. ట్రక్కు వచ్చినప్పుడు పక్కన నిలబడండి, పిస్టన్ ఇంజిన్‌లో జెట్ ఇంధనం పోస్తే టేకాఫ్ దాకా పనిచేసినట్టే ఉండి ఆ తర్వాత ప్రాణం తీస్తుంది. కార్బొరేటర్ ఉన్న ఇంజిన్లలో మంచు చలికాలంలోనే పడుతుందనుకోకండి. గాలిలో తేమ ఉంటే 38 డిగ్రీల సెల్సియస్ ఎండలో కూడా పట్టొచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పాఠ్యపుస్తకమే చెబుతోంది. హ్యూస్టన్ వైపు ఎగిరేవాళ్లకు ఇది ఏడాది పొడుగునా ఉండే బాధ. కార్బ్ హీట్ లాగగానే కరిగిన నీళ్లు మింగి ఇంజిన్ ఇంకా ఎక్కువ దడదడలాడుతుంది. భయపడి దాన్ని వెనక్కి నెట్టేయకండి, ఓపిక పట్టండి.

రేడియో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మనలాంటి, ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడని వాళ్లకు బాగా తగులుతుంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 అనే పెద్ద విమానాన్ని వాతావరణం బాగోక గాల్లో మూడుసార్లు చుట్లు తిప్పారు. మొత్తం గంటా పావు పైనే. పెట్రోలు అయిపోతోందని కోపైలట్ కంట్రోలర్లకు చెప్పాడు. కానీ "ఎమర్జెన్సీ" అన్న మాట వాడలేదు. ఆ మాట వినకపోవడంతో కంట్రోలర్లు మామూలు వరసలోనే ఉంచారు. లాంగ్ ఐలండ్‌లోని కోవ్ నెక్ దగ్గర నాలుగు ఇంజిన్లూ ఆగి విమానం కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు.

మనకు మొహమాటం ఎక్కువ. కంట్రోలర్ గొంతు బిజీగా వినిపిస్తే అడగడానికి వెనకాడతాం. ఎమర్జెన్సీ డిక్లేర్ చేస్తే తర్వాత కాగితాలు, విచారణలు, లైసెన్సు అని లోపల టెన్షన్. "మినిమమ్ ఫ్యుయల్" అంటే ఇక ఆలస్యం చేస్తే కష్టమని తెలియజేయడం మాత్రమే, దానివల్ల ముందు దిగే హక్కు రాదు. ఆ హక్కు కావాలంటే "మేడే" (ప్రాణాపాయంలో ఉన్నామనే రేడియో పిలుపు) అనాలి, లేదా ఎమర్జెన్సీ అని స్పష్టంగా చెప్పాలి, ఎన్ని నిమిషాల పెట్రోలుందో చెప్పాలి. ఇంగ్లిష్‌లో ఈ రెండు వాక్యాలను బిగ్గరగా, తడబడకుండా అనడం కారులో వెళ్తూ ప్రాక్టీసు చేయండి. నేను నా విద్యార్థుల చేత చేయిస్తాను. నవ్వుతారు, అయినా చేయిస్తాను.

కుటుంబాల వాళ్లకు కూడా ఒక మాట. పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికని, చుట్టాల ఇంట్లో గృహప్రవేశానికని మీవాళ్లు మిమ్మల్ని ఎక్కించుకుని బయలుదేరతారు. "ఎన్నింటికి దిగుతావు?" అని అవతలివాళ్లు మెసేజ్ మీద మెసేజ్ పెడుతుంటారు. దారిలో దిగి పెట్రోలు పోయించుకుందామని పైలట్ అంటే, వదినగారో మామగారో "మళ్లీ ఆలస్యమా" అని ముఖం చిన్నబుచ్చుకోకండి. ఆయన ఆ మాట అనడానికే మీ ముఖాల వంక ఎన్నిసార్లు చూసి ఉంటాడో మీకు తెలియదు. వీలైతే మీరే ముందు అడగండి: ఎంత పెట్రోలుంది, ఎన్ని గంటలకు సరిపోతుంది అని. ఆ జవాబు నిమిషాల్లో చెప్పలేకపోతే ఆ విమానం ఎక్కకండి.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఇక్కడికి కమర్షియల్ లైసెన్సు కోసం వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ సంగతి వేరు, మీకు ఒప్పందాలుండవు. గంటకు ఇంత అని ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపిన డబ్బుతో ఎగురుతున్నారు కాబట్టి, దారిలో దిగడమంటే అమ్మానాన్నల డబ్బు పారబోసినట్టనిపిస్తుంది. ఆ ఆలోచన మీలో చాలామంది ముఖాల్లో చూశాను. అక్కడ పుస్తకాల్లో లీటర్లు, ఇక్కడ పంపు మీద గ్యాలన్లు, ఒక గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. మీ నావిగేషన్ లాగ్‌లో మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలత వాడండి. సోలో క్రాస్‌కంట్రీ (ఒంటరిగా చేసే దూర ప్రయాణం) మధ్యలో పెట్రోలు కోసం దిగితే కోప్పడే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే, ఇన్‌స్ట్రక్టర్‌ను మార్చుకోండి.

భాగస్వాములారా, మీ ఒప్పందంలో చేర్చమని నేను అడుగుతున్న మాటలు ఇవి. ప్రతి ఫ్లైట్ గంట పెట్రోలు మిగిలుండగా నేల మీద ఉండాలి, పగలైనా రాత్రైనా. చట్టం పగలు 30, రాత్రి 45 నిమిషాలంటుంది, అది కనీసం మాత్రమే. పైలట్ల సంఘం ఏఓపీఏ భద్రతా విభాగం ఎన్నాళ్లుగానో సలహా ఇస్తున్నది గంటే. ఆ గంట తగ్గేలా ఉందని తెలిసిన క్షణమే దగ్గర్లోని పంపు దగ్గర దిగాలి. దిగినందుకు అయిన అదనపు ఖర్చు, చీకటి పడితే హోటల్ ఖర్చుతో సహా, ఉమ్మడి నిధిది. విమానంలో ఒక చిన్న నోటుబుక్కు ఉండాలి: బయలుదేరేముందు డిప్‌స్టిక్ ఎంత చూపించింది, గేజ్ ఎంత చూపించింది, తిరిగొచ్చాక ఎన్ని గ్యాలన్లు పట్టాయి, ఎంతసేపు ఎగిరారు. ఆరు నెలలు అలా రాస్తే మీ ఇంజిన్ గంటకు నిజంగా ఎంత తాగుతుందో మీకే తెలుస్తుంది. ఎవరైనా గంటకంటే తక్కువతో దిగితే ఆ సంగతి వాళ్లే గ్రూపులో చెప్పాలి. చెప్పినందుకు జరిమానా ఉండకూడదు, ఎందుకలా జరిగిందని కూర్చుని మాట్లాడుకోవాలి.

జనవరి రాగానే ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం మీలో చాలా గ్రూపులు ఎలాగూ కలుస్తాయి. అంతదాకా ఆగకుండా ఈ నెలలోనే ఒక సాయంత్రం హ్యాంగర్ దగ్గర కలవండి. ఒప్పందం కాపీ, మీ విమానం పుస్తకం, డిప్‌స్టిక్ తెచ్చుకోండి. మీ ఊరు నాకు దగ్గరైతే పిలవండి, నేనూ వస్తాను. సెలెక్టర్ డ్రిల్లు అందరి చేతా దగ్గరుండి చేయిస్తాను, దానికి ఫీజు అక్కర్లేదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్, టెక్సాస్